గాలి నిలుస్తోందని టైరు బతికున్నట్టు కాదు

సంపాదకులకు నమస్కారం.

మొన్న ఆదివారం మీ పేజీల్లో సైకిల్ సంరక్షణ మీద వచ్చిన వ్యాసం చదివాను. చైన్ తుడుచుకోవడం, బ్రేక్ ప్యాడ్లు చూసుకోవడం అన్నీ చక్కగా రాశారు. కానీ చివర్లో చిన్న బాక్సు కట్టి, రోడ్ బైక్ ట్యూబ్‌లెస్ టైర్లు 5,000 కిలోమీటర్లకు మార్చేయాలి అని ఒక్క ముక్కలో తేల్చేశారు. నా పేచీ దానితోనే. ఉత్తరం పొడుగైతే కత్తిరించుకోండి గానీ ఆ అంకెను మాత్రం అలా వదిలేయకండి. దాన్ని నమ్మి ఒకరు నిక్షేపంలాంటి టైరు తీసి పారేస్తారు, ఇంకొకరు 3,000 దగ్గరే పని అయిపోయిన టైరు మీద ఇంకో రెండు వేలు ధీమాగా తొక్కుతారు. ఈ రెండు తెలివితక్కువ పనులూ నేను చేశాను కాబట్టే చెబుతున్నాను.

ముందుగా ఒక గందరగోళం తీర్చాలి. బైక్ అనగానే మనకు మోటారు సైకిలే గుర్తొస్తుంది, ట్యూబ్‌లెస్ అనగానే కారు గుర్తొస్తుంది. ఇక్కడ బైక్ అంటే సన్నటి టైర్లతో వేగంగా పోయే రోడ్ సైకిల్, ట్యూబ్‌లెస్ అంటే లోపల ట్యూబు లేని టైరు. దాంతో కొత్తగా రోడ్ సైకిల్ కొన్నవాళ్లు అడిగే మొదటి ప్రశ్న, కారు టైరు నలభై వేల కిలోమీటర్లు నడుస్తుంటే ఇదేంటి నాలుగు వేలకే అరిగిపోతోంది, మోసమా అని. మోసమేమీ లేదు. కొత్త కారు టైరులో గాళ్ల, అంటే పైనున్న గాడుల, లోతు దాదాపు 8 మిల్లీమీటర్లు, చాలా దేశాల్లో 1.6 మిల్లీమీటర్ల దాకా అరిగితే మార్చాలని రూలు. రేసుల కోసం చేసిన రోడ్ సైకిల్ టైరుకి దారాల అల్లిక మీద ఉండే రబ్బరు మొత్తం కలిపినా రెండు మూడు మిల్లీమీటర్లు. లోపల కారు టైరులోలా ఉక్కు తీగల పట్టీలు ఉండవు. టైరంతా కలిపి బరువు 250 నుంచి 350 గ్రాములు. ఇంత పలుచని వస్తువు మీద మనిషి కూర్చుని గంటకు ముప్పై కిలోమీటర్ల వేగంతో గులకరాళ్ల మీద పోతుంటే అది అన్ని వేలు రావడమే గొప్ప.

గాళ్లు అన్నాను కాబట్టి ఇంకొక్కటి. రోడ్ సైకిల్ టైరు కొత్తదే నున్నగా ఉంటుంది. నున్నగా అయిపోయింది, మార్చేద్దాం అని ఎవరైనా అంటే వాళ్లు కారు లెక్కలో మాట్లాడుతున్నారని అర్థం. ఇంత సన్నగా, గుండ్రంగా, గట్టి గాలితో ఉండే టైరు సైకిల్ వేగానికి నీటి మీద తేలిపోదు, కాబట్టి దానికి నీళ్లు తోడే గాళ్లు అక్కర్లేదు. పక్కల మీద కనిపించే చిన్న చిన్న గీతలు చాలావరకు అందానికే.

సరే, అసలు విషయం. రోడ్ సైకిళ్లకు ట్యూబ్‌లెస్ కొత్తేమీ కాదు. హచిన్సన్, షిమానో కంపెనీలు కలిసి 2006లోనే తెచ్చాయి. కానీ అందరి నోళ్లలో పడింది మాత్రం గత పదేళ్లలోనే. ఈ పద్ధతిలో ట్యూబు ఉండదు, టైరే గాలిని పట్టి ఉంచుతుంది, లోపల పాలలా తెల్లగా ఉండే సీలెంట్ ద్రవం ఓ 30 నుంచి 60 మిల్లీలీటర్లు పోస్తారు. ముల్లో గాజు పెంకో గుచ్చుకుంటే గాలితో పాటు ఆ ద్రవం బయటికి తన్నుకొచ్చి, కన్నంలో గడ్డకట్టి మూసేస్తుంది. మనం ఆగక్కర్లేదు, చాలాసార్లు మనకు తెలియను కూడా తెలియదు.

ఆ తెలియకపోవడమే ఇక్కడ చిక్కు. ట్యూబు ఉన్న రోజుల్లో టైరు ముసలిదైపోతే అదే చెప్పేది. వారానికో పంక్చర్, తర్వాత మూడు రోజులకో పంక్చర్, ఇక విసుగొచ్చి మార్చేసేవాళ్లం. ఇప్పుడు ఆ ఫిర్యాదు చేసే నోరు సీలెంట్ మూసేసింది. అరుగుదల విషయంలో ట్యూబ్‌లెస్ టైరు మామూలు టైరు కంటే ఎక్కువా రాదు, తక్కువా రాదు, పైనున్న రబ్బరు అదే రబ్బరు. కాకపోతే దాని వయసు మనకు కనిపించకుండా పోయింది.

నా సంగతే చెబుతాను. వెనక టైరు 4,100 కిలోమీటర్లు తిరిగింది. ఆ మధ్య రెండు మూడుసార్లు సీటు కింది రాడ్డు మీద తెల్లటి చుక్కలు చిమ్మినట్టు కనిపించాయి. అంటే కన్నం పడింది, సీలెంట్ పూడ్చేసింది. నేను దాన్ని ఘనకార్యంలా నలుగురికీ చూపించుకున్నాను, చూశారా, ఒక్కసారి కూడా ఆగలేదు అని. ఆ టైరు పోవడానికి వారం ముందే సైకిల్‌ను సర్వీసింగ్‌కి ఇచ్చి, టైరు మార్చాలా అని మెకానిక్‌ను అడిగితే, గాలి నిలుస్తోంది కదా సార్, ఇంకా నడుస్తుంది అన్నారు. నాకూ వినసొంపుగానే ఉంది ఆ మాట. వాన వెలిసిన ఉదయం, దిగుడు రోడ్డు మీద ఏదో పదునైన రాయి తగిలింది. బుస్సుమని శబ్దం, పిక్కల మీద, చొక్కా వెనక, తెల్లటి వాన. ఆగేసరికి టైరు రిమ్ముకి అతుక్కుపోయింది. కన్నంలో రబ్బరు ప్లగ్ ఒకటి గుచ్చాను, ఊడొచ్చింది. రెండోది కూడా. దగ్గరగా చూస్తే అది కన్నం కాదు, చిటికెన వేలి గోరంత గాటు, దాని అంచులు మెత్తబడి, లోపలి దారాలు తెగి పీచులా బయటికొచ్చాయి. ప్లగ్‌కి పట్టు దొరకడానికి అక్కడ రబ్బరంటూ ఉంటే కదా. చివరికి ట్యూబ్‌లెస్ వాల్వ్ పీకి, గాటు వెనక మడతపెట్టిన ప్లాస్టిక్ కవరు అడ్డం పెట్టి, సంచిలోని ట్యూబు ఎక్కించి, చేతులనిండా జిగురుతో నడిచినంత మెల్లగా ఇల్లు చేరాను.

ఇంటికొచ్చాక ఆ టైరు ఊడదీసి, లోపలి భాగం పైకి వచ్చేలా తిప్పి చూశాను. ఇది మాత్రం ప్రతి ట్యూబ్‌లెస్ వాడేవాళ్లూ ఒకసారి చేసి చూడాలి. నడి భాగంలో వరసగా గడ్డకట్టిన సీలెంట్ బొడిపెలు, చొక్కా గుండీల్లా. లెక్కపెడితే తొమ్మిది. నాకు తెలిసిన పంక్చర్లు మూడు. మిగతా ఆరు ఎప్పుడు పడ్డాయో, ఎక్కడ పడ్డాయో దేవుడికే తెలియాలి. పైనుంచి చూస్తే గుండ్రంగా ఉండాల్సిన టైరు మధ్యలో చదునై రెండు పక్కలా అంచు తేలి ఉంది, వేళ్ల మధ్య నొక్కితే అట్టముక్కలా వంగుతోంది. తూకం వేస్తే కొత్తగా ఉన్నప్పటి కంటే నలభై గ్రాములకు పైగా తక్కువ. ఆ నలభై గ్రాముల రబ్బరు రోడ్లకు పూసేసి, ఇంకా గాలి నిలుస్తోంది కదా అని మురిసిపోయానన్నమాట.

ఇక రెండోది, దీనికి పూర్తిగా తిరగబడ్డ కథ. కొన్నాళ్ల తర్వాత ముందు చక్రం టైరు రోజూ తెల్లారేసరికి మెత్తబడటం మొదలైంది. ఈసారి తెలివి వచ్చేసింది కదా, ముసలిదైపోయింది అనుకుని వెంటనే కొత్తది వేశాను. మర్నాడు అది కూడా మెత్తబడింది. తీరా చూస్తే తప్పు టైరుది కానే కాదు. రిమ్ములో పుల్లల (స్పోకుల) రంధ్రాలను మూసే టేపు ఒకచోట లేచింది, బహుశా అంతకుముందెప్పుడో టైరు ఊడదీసే లీవరుతో నేనే గీరి ఉంటాను. గాలి అందులోంచి పుల్లల దారిన పోతోంది. పాత టైరు పారేద్దామని పక్కన పెడితే తోటి సైకిలిస్టు ఒకాయన అడిగి పట్టుకెళ్లాడు. ఇంకో రెండు వేలు తొక్కానని మొన్న కనిపించి చెప్పాడు, నవ్వుతూ.

అందుకే గాలి దిగుతోందంటే వెంటనే టైరును అనుమానించకండి. సీలెంట్ ఎండిపోయిందేమో చూడండి. అది రెండు నుంచి ఆరు నెలల్లో ఎండిపోతుంది, ఎండ, పొడి గాలి ఎక్కువైతే ఇంకా ముందే. వాల్వ్ లోపలి పిన్ను తీసి సన్నటి పుల్ల దింపితే తడి తగులుతుందో లేదో తెలిసిపోతుంది, ఇంజిన్ ఆయిల్ చూసినట్టే. తర్వాత వాల్వ్ దగ్గరి రబ్బరు వాషరు, ఆ తర్వాత రిమ్ టేపు. ఇవన్నీ బాగుండి కూడా గాలి పోతుంటే అప్పుడు టైరు సంగతి. ట్యూబ్‌లెస్‌లో రోజుకి కొంచెం గాలి తగ్గడం ఎలాగూ మామూలే. కొత్త టైరు పక్క గోడల మీద సూదిమొన చుక్కల్లా తడి కనిపించినా కంగారు పడక్కర్లేదు, నాలుగు రోజులు తిరిగితే సీలెంట్ లోపల పూతలా పట్టి ఆగిపోతుంది. అదే చెమ్మ పాత టైరుకి, అదీ దారాలు కనిపించే చోట, మళ్లీ మొదలైతే మాత్రం కథ వేరు.

మరి ఎన్ని కిలోమీటర్లు అని పట్టుబడితే, నా అనుభవం, నాతో పాటు తొక్కేవాళ్ల అనుభవం కలిపి చెబుతాను. రేసు రకం పలుచని టైరు వెనక చక్రానికి 3,000 నుంచి 5,000. కాస్త మందంగా, రోజువారీ తొక్కడానికి చేసిన రకం 6,000, ఒక్కోసారి 8,000. ముందు చక్రానికైతే దీనికి రెట్టింపు, కొందరికి అంతకంటే ఎక్కువే. మీ బాక్సులో నాకు అన్నిటికంటే నచ్చని సంగతి ఇదే, ముందు టైరుకీ వెనక టైరుకీ ఒకే అంకె వేశారు. వెనక చక్రం మీద మనిషి బరువులో సగం కంటే ఎక్కువ పడుతుంది, పైగా మనం తొక్కే బలమంతా రోడ్డుకి చేరేది దాని ద్వారానే. ఒకే రోజు వేసిన రెండు టైర్లు ఒకే రోజు అరగమంటే ఎలా అరుగుతాయి? ఆ పైన మనిషి బరువు, రోడ్డు గరుకు, వెనక బ్రేకు లాగి జారించే అలవాటు. బ్రేకు గట్టిగా పట్టి చక్రం ఒక్కసారి బిగుసుకుపోయి జారితే చాలు, ఆ ఒక్కచోట వందల కిలోమీటర్ల అరుగుదల ఒక్క క్షణంలో అయిపోతుంది.

కాబట్టి మీటరు పక్కన పెట్టి టైరునే చూడాలి. కాంటినెంటల్ జీపీ 5000 లాంటి టైర్లకు నడి రబ్బరులో రెండు చిన్న గుంటలు ఉంటాయి, గుండుసూది తలంత. అవి అరుగుదల గుర్తులు. అవి మాయమైతే టైరు పని అయిపోయినట్టే. చాలామంది వాటిని పంక్చర్ కన్నాలనుకుని కంగారు పడతారు, ఒకాయన అందులో ప్లగ్ గుచ్చబోతుంటే నేనే ఆపాను. గుర్తులు లేని టైర్లూ ఉన్నాయి, వాటికి చదునే గుర్తు. చక్రానికి ఎదురుగా కూర్చుని కంటి ఎత్తులో చూస్తే గుండ్రంగా ఉందో, బల్లపరుపుగా ఉందో తెలిసిపోతుంది. దారాలు ఒక్కచోట కనిపించినా ఇంకో ఆలోచన వద్దు. ఎక్కడైనా పుండులా ఉబ్బితే, చక్రం తిప్పినప్పుడు టైరు ఒకచోట పాములా మెలి తిరిగితే, లోపలి అల్లిక తెగిందని అర్థం. దాన్ని ఆ రోజే మార్చాలి, రేపటి రైడ్ అయ్యాక కాదు.

గాట్ల విషయం కాస్త ఓపిగ్గా చూడాలి. నేను ఇప్పుడు వారానికోసారి గాలి తీసి, తడిగుడ్డతో తుడిచి, చక్రం మెల్లగా తిప్పుతూ బొటనవేలితో రబ్బరును ఒక్కో బెత్తెడూ విడదీసి చూస్తాను. గాలి నిండుగా ఉంటే గాట్లు నోరు మూసుకుని కనిపించవు. చిన్న గాట్లలో గాజు రవ్వలు కూర్చుని ఉంటాయి, ఒక్కో తిరుగుడుకీ కాస్త కాస్త లోపలికి దిగుతుంటాయి, పిన్నీసుతో గిల్లి తీసేస్తే అక్కడితో ఆగిపోతాయి. తీసేటప్పుడు కళ్లద్దాలు పెట్టుకోండి, ఆ రవ్వ ఎటు ఎగురుతుందో తెలియదు. రబ్బరు పైపొరలో ఎన్ని గాట్లున్నా పెద్దగా నష్టం లేదు. దారాల దాకా దిగిన గాటు రెండు మూడు మిల్లీమీటర్ల లోపైతే ప్లగ్, తీరిక దొరికాక లోపలి నుంచి ప్యాచ్, అలా నెట్టుకురావచ్చు. అంతకు మించితే, లేదా పక్క గోడ మీద తెగితే, నేనైతే ఆ టైరును నమ్మను. దారాలు తెగిన గోడకు సీలెంట్ ఏం చేస్తుంది పాపం, అది జిగురే గానీ కుట్టు కాదు.

తొక్కకపోయినా టైరు ముసలిదవుతుందన్నది మీ వ్యాసంలో అసలు లేదు. ఎండలో నిలబెట్టిన సైకిల్ టైరు రెండేళ్లకే పక్కల్లో సన్నటి పగుళ్లు తెస్తుంది, మీటరు వెయ్యి దాటకపోయినా సరే. చల్లగా, చీకటిగా ఉన్నచోట పెట్టెలో దాచిన కొత్త టైరు నాలుగైదేళ్లు బాగానే ఉంటుంది. నెలల తరబడి కదలకుండా ఉంచిన ట్యూబ్‌లెస్ చక్రానికి ఇంకో తంటా. సీలెంట్ అంతా అడుగుకి దిగి అక్కడే గట్టిపడిపోతుంది, తర్వాత తొక్కుతుంటే చక్రం ఒకచోట తపతపమంటుంది. తొక్కకపోయినా వారానికోసారి చక్రం ఇంత తిప్పి పెడితే సరిపోతుంది.

ఖర్చు కలిసొస్తుందని అరిగిన వెనక టైరును ముందుకి, బాగున్న ముందు టైరును వెనక్కి మార్చేవాళ్లున్నారు. దయచేసి అలా చేయొద్దు. వెనక టైరు పేలితే సైకిల్ ఊగుతుంది, ఎలాగోలా ఆపుకుంటాం. ముందు టైరు మలుపులో పోతే ఆపుకునే వ్యవధే ఉండదు. వెనకది అయిపోయినప్పుడు దాన్ని పారేసి, ముందున్నదాన్ని వెనక్కి వేసి, కొత్తది ముందు వేయడం సరైన వరస. ట్యూబ్‌లెస్‌లో ఈ మార్పిడి అంటే రెండు టైర్ల సీలెంటూ కడుక్కోవాలి, ఆదివారం సగం అందులోనే పోతుంది, అందుకే నేను ఒక్కోసారి బద్ధకించి వెనకది ఒక్కటే కొత్తది వేసేస్తాను. దానివల్ల నష్టం లేదు, ముందు టైరు మరీ ఏళ్ల తరబడి అలాగే ఉండిపోకుండా చూసుకుంటే చాలు.

ఇంకొక్క జాగ్రత్త. అంచున కొక్కెం లేని హుక్‌లెస్ రిమ్ములు ఇప్పుడు చాలా సైకిళ్లకు వస్తున్నాయి. వాటి మీద గరిష్ఠ గాలి ఒత్తిడి 5 బార్, అంటే సుమారు 72 పీఎస్ఐ. ఆ రిమ్ముకి సరిపోతుందని కంపెనీ రాసిన టైరే వేయాలి, కొలత కూడా చూసుకోవాలి. టైరు అంచున ఉండే బీడ్ లీవర్లతో నలిగి ఉంటే, పైన రబ్బరు ఎంత కొత్తగా ఉన్నా దాన్ని అలాంటి రిమ్ము మీద వాడకండి. అక్కడ టైరును పట్టి ఉంచేది ఆ బీడే.

మీ బాక్సును పూర్తిగా తీసేయమనడం లేదు. అంకె ఉండాలనుకుంటే ముందుకీ వెనక్కీ వేరువేరుగా వేయండి, పక్కన గుర్తులు మాయమైన టైరు ఫొటో ఒకటి వేయండి, పాఠకులు వెళ్లి తమ సైకిల్ పక్కన పెట్టి పోల్చుకుంటారు. ఫొటో కావాలంటే నా తొమ్మిది గుండీల టైరు ఇంకా గోడకే వేలాడుతోంది, పంపిస్తాను. దాని బదులు వేసిన వెనక టైరు ఇవాళ్టికి 3,600 తిరిగింది. రెండు గుంటల్లో ఒకటి స్పష్టంగా ఉంది, రెండోదాన్ని గోరుతో తడిమితేనే తెలుస్తోంది. కొత్త టైరు తెచ్చి అటక మీద పెట్టాను.

ఇట్లు,
మీ పాఠకుడు